టమాటా ఖీమా పాస్తా సాస్: పళ్ళెంలో ఎర్రనీరు ఊరుతోంది, తప్పెక్కడ?

మువ్వ (సీతమ్మధార)
ఆదివారం, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి పాస్తా అంటే ప్రాణం. దుకాణంలో దొరికే సీసా సాస్ మరీ తియ్యగా ఉంటుంది, వాడికి అదే అలవాటైపోతోందని నాకు దిగులు. ఇంట్లోనే మాంసం వేసి చిక్కగా చేద్దామని ఈ రోజు పూనుకున్నాను. రైతుబజారు నుంచి కిలో టమాటాలు, అరకిలో మటన్ ఖీమా తెచ్చాను. ఉల్లిపాయ వేయించి, ఖీమా కడిగి వేసి, అది తెల్లబడగానే టమాటా ముక్కలు వేసి, మూతపెట్టి నలభై నిమిషాలు ఉడికించాను.

పళ్ళెంలో పెట్టిన రెండు నిమిషాలకే పాస్తా కింద ఎర్రనీరు చేరింది. ఖీమా ఇసుకరేణువుల్లా విడివిడిగా తగిలింది. పులుపు తగ్గాలని రెండు చెంచాల పంచదార వేస్తే పులుపు పోలేదు, తీపి మాత్రం వచ్చి చేరింది. అబ్బాయి ఏమీ అనకుండా తిన్నాడు, అదే నాకు బాధగా ఉంది.

మా ఇంట్లో ఆవుమాంసం, పందిమాంసం, వైన్ వాడము. అవి లేకుండా మంచి సాస్ వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.


కంచరపాలెం_కోడలు
ఆదివారం, రాత్రి 9.05

మువ్వ గారూ, ఖీమా కొట్టించాక కడిగారా? అక్కడే సగం పని చెడింది. ఖీమా నీటిని దూదిలా పీల్చుకుంటుంది, ఎంత పిండినా పోదు. నేను మాంసం ముక్కగానే తెచ్చుకుని, ఇంట్లో కడిగి, బట్టతో బాగా అద్ది, అప్పుడు కత్తితో సన్నగా తరుగుతాను. మిక్సీలో వేస్తే ఆపి ఆపి రెండు మూడు సార్లు తిప్పాలి, మెత్తని ముద్ద కానివ్వకూడదు. దుకాణంలోనే కొట్టించేటట్లయితే ముందు ముక్కను కడిగించి తరువాత మొద్దు మీద కొట్టమనండి. ఆదివారం తొమ్మిదింటికి వెళ్తే వినే ఓపిక వాళ్ళకు ఉండదు, ఏడింటికే వెళ్ళండి.

ముందుకాలు మాంసం అడగండి. తొడ మాంసంలో కొవ్వు తక్కువ, ఎండినట్టు అయిపోతుంది.


రసాయన_పాఠం
ఆదివారం, రాత్రి 9.30

పై మాట అక్షరాలా నిజం. కారణం కూడా చెబుతాను, కారణం తెలిస్తే చెయ్యి తానే సర్దుకుంటుంది.

బాణలిలో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి వేపుడు వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. తడి ఖీమా అరకిలో ఒక్కసారే వేస్తే అది తన నీటిలో తానే ఉడుకుతుంది. మీరు ‘తెల్లబడగానే’ అన్నారు చూడండి, అది ఉడకడమే, వేగడం కాదు. వెడల్పాటి బాణలిలో రెండు విడతలుగా వేయించండి. వేసిన వెంటనే కలపవద్దు. అడుగుభాగం ముదురు గోధుమరంగుకు వచ్చాకే తిప్పండి.

ఇక టమాటా. అందులో 94, 95 శాతం నీరే. మీ కిలో టమాటాలలో అసలు సారం 50, 60 గ్రాములు మాత్రమే. మూత పెట్టి ఉడికిస్తే ఆ నీరంతా ఆవిరై, మూతకు తగిలి, తిరిగి గిన్నెలోకే జారుతుంది. మూత తీసేయండి.


ఉక్కునగరం_పెద్దాయన
సోమవారం, ఉదయం 6.15

అమ్మా మువ్వా, నాకు పాస్తా గురించి తెలియదు. వంట మాత్రం యాభై ఏళ్ళుగా చేస్తున్నాను. నువ్వు చేసింది పులుసు, నీకు కావలసింది ఇగురు. రెండింటికీ దినుసులు ఒకటే కావచ్చు, దారులు వేరు. టమాటాను మా నాయనమ్మ రామములక్కాయ అనేది. దాన్ని ఆవిడ నూనెలో మగ్గబెట్టి, నూనె అంచులకు తేలేవరకు పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. నీ సాస్ కూడా అలా నూనె తేలేవరకు ఇగరాలి.

ఒక్క మాట. ఖీమా అన్నాక అల్లంవెల్లుల్లి, గరంమసాలా లేకుండా ఎలా? మాంసం వాసన పోవద్దా?


ఓడ_వంటశాల (మల్కాపురం)
సోమవారం, మధ్యాహ్నం 2.20

సరకు ఓడల్లో ఇరవై రెండేళ్ళు వంట చేశాను. ఇటలీలో రవెన్నా రేవుకు చాలాసార్లు వెళ్ళాం. ఆ రేవు బొలోన్యా నగరం ఉన్న ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలోదే. సరకు దిగడానికి రెండు మూడు రోజులు పట్టేది. రేవు పక్కన చిన్న భోజనశాల నడిపే ఒక పెద్దావిడ వంటగదిలోకి రానిచ్చింది. నాకు ఈ సాస్ పట్టుబడింది అక్కడే.

మాంసం సాస్‌ను అక్కడ రగూ అంటారు. బొలోన్యా పద్ధతిని ఇటలీ వంటల అకాడమీ 1982 అక్టోబర్ 17న ఆ ఊరి వాణిజ్య మండలిలో పత్రంగా నమోదు చేయించింది, 2023లో సవరించింది. ఆ 1982 పత్రం చూస్తే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. 300 గ్రాముల మాంసానికి టమాటా గుజ్జు ఐదు చెంచాలే! క్యారెట్, సెలరీ, ఉల్లి, పాలు ఉన్నాయి గాని వెల్లుల్లి లేదు. 1891లో పెల్లెగ్రీనో ఆర్తూసి అనే వంటల రచయిత అచ్చువేసిన బొలోన్యా మాంసం సాస్‌లో టమాటాయే లేదు. బొలోన్యా రగూను అక్కడివాళ్ళు తాల్యతెల్లె అనే వెడల్పు పాస్తాతో తింటారు, స్పగెట్టీతో కాదు.

అంటే మీ అబ్బాయి కోరే ఎర్రటి, టమాటా నిండిన సాస్ బొలోన్యాది కాదు. దక్షిణాన నేపుల్స్ వైపు టమాటా ఎక్కువ. అక్కడ పెద్ద మాంసం ముక్కల్ని టమాటాలో గంటల తరబడి సన్నసెగ మీద ఉంచి, సాస్‌తో పాస్తా ముందు తిని, మాంసాన్ని తరువాత విడిగా తింటారు. ఇక మీ ప్రశ్నకు వస్తే, ఇటలీలోనే ఆబ్రుట్జో ప్రాంతంలో గొర్రె మాంసంతో రగూ చేయడం పాత ఆచారం. కొండల్లో గొర్రెలు మేపుకునే ఊళ్ళు అవి. కాబట్టి మటన్‌తో చేస్తే అసలుది కాకుండా పోతుందన్న అనుమానం వదిలేయండి.

నేను చేసే తీరు చెబుతాను. అరకిలో ఖీమాకు ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక క్యారెట్, సెలరీ దొరికితే ఒక కాడ. దొరక్కపోతే ఆ లోటుకు కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేస్తాను, ఆకులు కాదు. వీటిని నాలుగు చెంచాల నూనెలో సన్నసెగ మీద పావుగంట మగ్గనివ్వాలి. ఎర్రబడకూడదు, మెత్తబడి తియ్యని వాసన రావాలి. పంచదార చేయలేని పని ఈ ఉల్లి, క్యారెట్ చేస్తాయి. వాటిని పక్కకు తీసి, అదే బాణలిలో ఖీమాను పై మాస్టారు చెప్పినట్టు రెండు విడతలుగా వేయించాలి. ముందు చిరచిరమని నీటి చప్పుడు వస్తుంది. నీరు ఇంకిపోయాక చప్పుడు మారి, చిటపటమని నూనె చప్పుడు వస్తుంది. అప్పటి నుంచి లెక్క. ఇంకో ఐదారు నిమిషాలకు బాణలి అడుగున గోధుమరంగు పొర కడుతుంది. అది మాడు కాదు, రుచి అంతా అందులోనే ఉంది. నల్లబడితే మాత్రం చేదు.

అప్పుడు నాలుగు వెల్లుల్లి రెబ్బలు చిదిమి వేసి, అర నిమిషం ఆగి, అరకప్పు చిక్కని పాలు పోయాలి. అడుగు గీరుతూ పాలు పూర్తిగా ఇంకనివ్వాలి. ఆ తరువాతే టమాటా. వైన్ లేకపోతే వచ్చిన నష్టమేమీ లేదు, మా ఓడలో ఏనాడూ వాడలేదు. ఉప్పు మొదట సగమే. చిక్కబడే కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. మూత తీసి, బుడగ ఒకటి లేచి పగిలాక మరొకటి లేచేంత సన్నసెగ మీద గంటన్నర. అడుగంటుతుందనిపిస్తే పావుకప్పు వేడినీళ్ళు.

పెద్దాయన గారికి నమస్కారం. మీరన్న ఇగురు మాటే అసలు కిటుకు. మసాలా విషయంలో మాత్రం ఒప్పుకోలేను. అల్లం, గరంమసాలా పడితే అది మన ఖీమా కూరే అవుతుంది, టమాటా గొంతు వినబడదు. మాంసం నీరుపోయి బాగా వేగితే నీచు వాసన అదే పోతుంది.


ఉక్కునగరం_పెద్దాయన
సోమవారం, మధ్యాహ్నం 3.00

బాబూ, విడమరిచి చెప్పావు, సంతోషం. గరంమసాలా వదిలేస్తాను. ఒక్క బిర్యానీ ఆకు వేసుకోవచ్చా?


పెరటి_మొక్క (మధురవాడ)
సోమవారం, సాయంత్రం 5.45

బాబాయి గారూ, మన బిర్యానీ ఆకు వేరు, ఇటలీవాళ్ళ బే ఆకు వేరు. మనది దాల్చినచెక్క కుటుంబం, వాసన కూడా లవంగం, చెక్క వైపే పోతుంది. దాని బదులు మన పెరట్లోనే మంచివి ఉన్నాయి. బజ్జీలు వేసుకునే వామాకు తెలుసు కదా, దళసరిగా నూగుగా ఉండే ఆకు. దాని వాసన ఇటలీ వంటల్లో వేసే ఓరెగానో ఆకుకు చాలా దగ్గర. కొన్ని దేశాల్లో దాన్ని క్యూబా ఓరెగానో అనే పిలుస్తారు. సన్నగా తరిగి రెండే రెండు ఆకులు వేయండి, మూడో ఆకు వేస్తే ఘాటు.

ఇక బాసిల్ కోసం ఖరీదైన దుకాణాలు తిరగనక్కరలేదు. వేసవిలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఆ జాతివే. మన రుద్రజడ. గుప్పెడు గింజలు కుండీలో చల్లితే వారంలోపే మొలకలు వస్తాయి. ఇటలీ రకం కన్నా సోంపు వాసన కొంచెం ఎక్కువ, అంతే. పూజ తులసి మాత్రం వేయకండి, అది వేరే మొక్క, కారంగా ఉంటుంది. రుద్రజడ ఆకుల్ని పొయ్యి కట్టేశాకే తుంచి వేయాలి.

టమాటాల గురించి నాకు చాలా పట్టింపు. బజారులో దొరికే గట్టి కాయలు దూరప్రయాణానికి తట్టుకునేలా పెంచినవి. సగం పండకముందే కోస్తారు. మదనపల్లె నుంచి లారీ ఎక్కి ఇంత దూరం రావాలి కదా. అవి తెచ్చిన రోజే వండకండి. కాగితం పరిచి, తొడిమ కిందికి ఉండేలా పెట్టి, మూడు రోజులు బయట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే వాసన చచ్చిపోతుంది. వేలితో నొక్కితే లొంగాలి, ముక్కుకు పెట్టుకుంటే వాసన తెలియాలి. రైతుబజారులో పొద్దు ఎక్కాక కుప్పగా పోసి చవకగా ఇచ్చే మెత్తటి పండ్లు ఉంటాయి, సాస్‌కు అవే బంగారం. గట్టి కాయలు రెండు పాళ్ళు, పుల్లటి నాటు కాయలు ఒక పాలు కలుపుతాను నేను. గట్టివాటికి కండ, నాటువాటికి రుచి.

గింజల చుట్టూ ఉండే జిగురును పారేయకండి. కండలో కన్నా అందులోనే రుచినిచ్చే గ్లూటమేట్ ఎక్కువ. తొక్క మాత్రం తీయండి. మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి చన్నీళ్ళలో వేస్తే ఊడి వస్తుంది.

ధర పడిపోయినప్పుడు ఐదారు కిలోల గుజ్జు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. 2023 జులైలో కిలో వంద దాటి, రైతుబజారులో ప్రభుత్వం యాభైకి ఇస్తుంటే వరుసలు కట్టాం కదా, ఆ నెల మా ఇంట్లో టమాటా కొనలేదు.


మువ్వ
సోమవారం, రాత్రి 9.50

ఇంత శ్రద్ధగా చెబుతున్నారు, కళ్ళు చెమ్మగిల్లాయి. కొన్ని సందేహాలు. పాలు, టమాటా కలిస్తే విరిగిపోదా? పులుపు మరీ ఎక్కువైతే వంటసోడా వేయమని మా పక్కింటి అక్క అంటోంది, వేయవచ్చా? నేను ఉద్యోగం చేస్తాను, ఆదివారం తప్ప గంటన్నర పొయ్యి దగ్గర నిలబడలేను. కుక్కర్‌లో అవుతుందా?


రసాయన_పాఠం
సోమవారం, రాత్రి 10.30

పాలు విరిగేది పులుపు తగిలినప్పుడు. ఓడ_వంటశాల గారు చెప్పిన వరుసలో పాలు ముందు పోసి పూర్తిగా ఇంకిస్తే, టమాటా వచ్చేసరికి విరగడానికి అక్కడ పాలంటూ ఉండవు. వరుస తప్పితే విరుగుతుంది.

సోడా పులుపును నిజంగానే తగ్గిస్తుంది. పంచదార తగ్గించదు, నాలుకకు తెలియకుండా కప్పుతుంది. మీకు పులుపు, తీపి రెండూ విడివిడిగా తగిలింది అందుకే. అయితే సోడా చిటికెడు మించకూడదు. కిలో టమాటాలకు చెంచాలో ఎనిమిదో వంతు చాలు. వేయగానే నురుగు పొంగుతుంది, భయపడకండి, అది కార్బన్ డయాక్సైడ్. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, దాన్ని ఇక బాగుచేయలేం. ఇగిరాక రుచి చూసి, అప్పటికీ అవసరమనిపిస్తేనే వేయండి. అసలు మీకు అవసరం పడదని నా నమ్మకం.

ఇనుప మూకుడులో గాని, ఉత్త అల్యూమినియం గిన్నెలో గాని టమాటాను గంటన్నర ఉంచవద్దు, పులుపుకు లోహం రుచి దిగుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడండి.


కంచరపాలెం_కోడలు
మంగళవారం, ఉదయం 5.50

కుక్కర్ సంగతి నేను చెబుతాను, నాదీ రెండు పూటల ఉద్యోగమే. ఖీమా వేయించడం వరకు మూత లేకుండా కుక్కర్‌లోనే చేయండి, అందులో తొందర కుదరదు. టమాటా వేశాక మూత పెట్టి, ఒక కూత వచ్చాక సెగ తగ్గించి ఇరవై నిమిషాలు. మాంసం మెత్తబడుతుంది గాని నీరు ఎక్కడికీ పోదు, కాబట్టి మూత తీసి పెద్దసెగ మీద పావుగంట ఇగరబెట్టాలి. రుచి సన్నసెగంత లోతుగా రాదు, అది ఒప్పుకోవాలి. వారం మధ్యలో పిల్లల ఆకలికి ఇది చాలు. కోడి ఖీమా అయితే కుక్కర్ అక్కరలేదు, మామూలుగా నలభై నిమిషాలు చాలు, అంతకన్నా ఉడికితే పీచులా అవుతుంది.


రాత్రిపని_రుషికొండ
మంగళవారం, మధ్యాహ్నం 12.40

నేను ఒంటరిగా ఉంటాను, రాత్రి పని. నెలకు సరిపడా ఒకేసారి చేసి సీసాల్లో పోసి, పైన నూనె తేలేలా నింపి, ఆవకాయలా బయట పెట్టుకోవచ్చా?


రసాయన_పాఠం
మంగళవారం, మధ్యాహ్నం 1.05

వద్దు తమ్ముడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆవకాయ నిలవుండేది నూనె వల్ల మాత్రమే కాదు. ఉప్పు బాగా ఎక్కువ, మామిడి పులుపు ఎక్కువ, నీరు తక్కువ. మాంసం సాస్‌లో ఈ మూడూ తారుమారు. టమాటాకు ఉన్న పులుపును మాంసం తగ్గించేస్తుంది. పైన నూనె పొర గాలి ఆడకుండా చేస్తుంది. బొట్యులిజం అనే విషాహార జబ్బును కలిగించే సూక్ష్మజీవికి కావలసింది సరిగ్గా అదే, గాలి లేని చోటు. దాని బీజాలు 100 డిగ్రీల మరుగుకు చావవు. అది విడుదల చేసే విషం ప్రాణం తీస్తుంది, వాసనతో గాని రంగుతో గాని పసిగట్టలేం.

వెడల్పు పళ్ళెంలో పరిచి తొందరగా చల్లార్చండి. మన విశాఖ ఉక్కపోతకు రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. ఒక్క పూటకు సరిపడేలా చిన్న డబ్బాల్లో పెట్టుకోండి, కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకండి.


ఉక్కునగరం_పెద్దాయన
మంగళవారం, మధ్యాహ్నం 1.30

మాస్టారు చెప్పింది వినండి బాబూ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్‌లో ఉన్న రొయ్యలు, మాంసం అన్నీ గొయ్యి తీసి పూడ్చాం. మా ఆవిడ ఒక డబ్బా తెరిచి ‘వాసన బాగానే ఉంది’ అంది. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు ఒప్పుకోనందుకు ఇప్పటికీ సంతోషమే.


ఓడ_వంటశాల (మల్కాపురం)
బుధవారం, రాత్రి 7.15

పాస్తా ఉడికించడం గురించి ఎవరూ అడగలేదు. నీరు ఊరడానికి సగం కారణం అదే కావచ్చు. వంద గ్రాముల పాస్తాకు లీటరు నీరు, పది గ్రాముల ఉప్పు అని అక్కడి లెక్క. నీళ్ళలో నూనె వేయకండి, పాస్తా జారుడుగా మారి సాస్ అంటదు. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాలు ముందే తీసి, చన్నీళ్ళతో కడగకుండా నేరుగా సాస్‌లో వేయండి. ఆ ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోసి, పెద్దసెగ మీద రెండు నిమిషాలు తిప్పండి. గంజిలాంటి ఆ నీళ్ళే నూనెను, టమాటాను కలిపి పట్టుకుంటాయి. అన్నం మీద కూరలాగా పాస్తా మీద సాస్ పోయకూడదు, రెండూ పొయ్యి మీదే కలవాలి.


మువ్వ
ఆదివారం, మధ్యాహ్నం 2.50

చేశాను. మొత్తం చెప్పాలని ఉంది.

పొద్దున్న ఆరున్నరకే వెళ్ళి ముందుకాలు మాంసం ముక్కగా తెచ్చి, కడిగి, అద్ది, నేనే తరిగాను. ముప్పావు గంట పట్టింది, వేళ్ళు లాగాయి. టమాటాలు గురువారమే తెచ్చి పరిచి ఉంచాను. ఈ రోజుకు ఇల్లంతా వాటి వాసనే.

ఖీమా వేశాక చిరచిర వినబడుతూనే ఉంది, ఎనిమిది నిమిషాలైనా తగ్గలేదు. పోయినసారి అయితే ఈపాటికి టమాటా వేసేసేదాన్ని. ఆగాను. పదకొండో నిమిషంలో చప్పుడు నిజంగానే మారింది. మా అత్తయ్య గారు హాల్లో నుంచి ‘ఇప్పుడు వేగుతోంది’ అన్నారు. ఆవిడకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు!

పాలు పోసి అడుగు గీరితే గిన్నె అద్దంలా శుభ్రపడి, ఆ రంగంతా మాంసానికి ఎక్కింది. టమాటా వేశాక గంటకు ఏమీ మారినట్టు కనబడలేదు. గంటా పావుకు అంచుల వెంట నారింజరంగు నూనె తేలింది. గరిటెతో గీస్తే గీత అలాగే నిలిచింది, నీరు వచ్చి పూడ్చలేదు. కిలో టమాటాలు, అరకిలో మాంసం కలిసి ఇగిరి మూడు చిన్న గిన్నెల సాస్ అయింది. పంచదార వేయలేదు, సోడా అక్కర పడలేదు. వామాకు రెండు వేశాను. రుద్రజడ మొలకలు ఇంకా గోరంత ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు.

అబ్బాయి రెండోసారి వడ్డించుకుని, పళ్ళెం రొట్టెముక్కతో తుడుచుకున్నాడు. అత్తయ్య గారు పాస్తా వద్దని, అట్టు పోసుకుని సాస్ నంజుకున్నారు. ఆవిడ నోట ‘ఉప్పు సరిపోయింది’ అన్న మాట ఈ ఇంటికి వచ్చిన పదహారేళ్ళలో నాలుగోసారి విన్నాను.

ఒక్కటే అడగాలి. వచ్చే నెల వాడి పుట్టినరోజుకు పాతికమంది పిల్లలు వస్తారు. మూడు కిలోల మాంసానికి ఇదే లెక్కనా?


ఓడ_వంటశాల (మల్కాపురం)
ఆదివారం, సాయంత్రం 4.10

చాలా సంతోషం అమ్మా. దినుసుల లెక్క అదే, సమయం లెక్క మారుతుంది. మూడు కిలోల ఖీమాను ఒక్క గిన్నెలో వేయించాలని చూడవద్దు, పావుకిలో చొప్పున పన్నెండు విడతలు వేయించండి. అది ముందురోజు సాయంత్రం పని. టమాటా ఆరు కిలోలు, లోతు గిన్నె కాకుండా వెడల్పు గిన్నె. ఇగరడానికి మూడు గంటలైనా పడుతుంది. రాత్రికి చల్లార్చి చిన్న గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగేలా వేడి చేస్తే రుచి ఇంకా కుదురుకుంటుంది. పాస్తా మాత్రం పిల్లలు కూర్చున్నాకే నీళ్ళలో వేయండి.


కంచరపాలెం_కోడలు
ఆదివారం, సాయంత్రం 4.25

పెద్ద వెడల్పు గిన్నె మా ఇంట్లో ఉంది. మీకు కావాలంటే చెప్పండి, సీతమ్మధార మాకు ఎంత దూరం.